నికాన్ 200–500 లెన్సు: కర్నూలు గద్దల వెంట రెండు చలికాలాలు

మా మిద్దె మీద నిలబడితే వెనక వీధిలో వేపచెట్టు కొన కనిపిస్తుంది. పొద్దున ఆరున్నరకు ఒక డేగ వచ్చి అక్కడ కూర్చుంటుంది. పుస్తకాల్లో షిక్రా అని రాసే పక్షి. ఉడతలు ఒక్కసారిగా గోల ఎత్తుకున్నాయంటే అది వచ్చినట్టే. పాత 70–300 లెన్సుతో (మిల్లీమీటర్లలో జూమ్ హద్దులవి, అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరవుతుంది) తీస్తే ఆకుల మధ్య బూడిదరంగు మచ్చలా పడేది. దగ్గరికి పోదామంటే లేచిపోయేది. 200–500 కొన్నది దాని కోసమే.

ముందు బరువు సంగతి. ట్రైపాడ్ కాలర్‌తో, అంటే స్టాండుకు బిగించే పట్టీతో, కలిపి 2,300 గ్రాములు. నా నికాన్ డీ7500 కెమెరాకు తగిలిస్తే మూడు కిలోలు. రోజంతా బోర్డు మీద రాసే టీచరు చెయ్యి నాది, అయినా మొదటి వారం భుజం లాగేసింది. ఇప్పుడు ఎడమ మోచేతిని పొట్టకు ఆనించి ఉంచుకుంటాను, పక్షి వచ్చినప్పుడే పైకెత్తుతాను. మెడకు మాత్రం వేలాడదీయకండి, కాలర్ దగ్గర పట్టుకుని మోయండి.

ఆ బరువుకు దక్కేది చాలా ఉంది. జూమ్ ఎంత లాగినా ఎపర్చరు, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, 5.6 దగ్గరే ఉంటుంది. డీ7500 సెన్సరు చిన్నది కాబట్టి 500 దగ్గర 750కి సమానమైన చూపు వస్తుంది. కొన్న నాలుగో రోజు ఆ డేగ తొండను కాళ్ళ కింద అదిమిపట్టి తింటోంది. మిద్దె గోడకు లెన్సు ఆనించి సెకనులో 1/250 వంతు షట్టరు దగ్గర తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ముక్కు కొసన దారంలా వేలాడుతున్న తొండ చర్మం, గొంతు మీద సన్నని నిలువు గీత, ఎర్రటి కన్ను. ఎర్ర కన్నంటే మగది, ఆడదానికి పసుపు కళ్ళు. మూడేళ్ళుగా చూస్తున్న పక్షి మగదని ఆ రోజే తెలిసింది.

ఎగిరే గద్దల పరీక్షకు రోళ్ళపాడు వెళ్ళాను. బట్టమేక పక్షి కోసం పెట్టిన అభయారణ్యం అది. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి పిల్లి గద్దలు (ఇంగ్లీషులో హారియర్లు) వచ్చి, పొద్దుగూకే వేళ ఆ గడ్డిలోనే దిగి నిద్రపోతాయి. అక్కడ గొర్రెలు కాసే పెద్దాయన, "ఏమ్మా, గద్దల కోసమా ఇంత దూరం వచ్చింది? మిడతలు తినేదానికి వస్తాయవి, ఆ గట్టు పక్క కూచో" అన్నాడు. ఆయన చెప్పిన చోటే కూర్చున్నా.

మొదటి సాయంత్రం ఒక్క ఫోటో కూడా నిలవలేదు. ఫోకస్ స్విచ్‌ను దగ్గరా దూరం అంతా వెతికే ఫుల్ మీదే వదిలేశాను. గద్ద గడ్డి వెనక్కి దిగినప్పుడల్లా లెన్సు దగ్గరి గడ్డిపోచల్ని పట్టుకునేది. రెండో రోజు స్విచ్‌ను 6 మీటర్ల అవతలికి మార్చి, చెయ్యి వణుకును తగ్గించే వీఆర్‌ను స్పోర్ట్‌లో పెట్టి, 1/2000తో తీశాను. ఆకాశం వెలుగుకు పక్షి నల్లగా పడకుండా ఎక్స్‌పోజరు ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచాను. బూడిదరంగు మగ గద్ద ఒకటి తలకు కాస్త పైగా తేలిపోయింది. ఒట్టి కంటితో చూసి పాలిడ్ హారియర్ అనుకున్నా. ఫోటోలో రెక్క మీద అడ్డంగా నల్లపట్టీ, పొట్ట కింద గోధుమరంగు చారలు కనిపించాయి. అది మాంటెగూ హారియర్. లెన్సుకు పెట్టిన డబ్బు నాకైతే ఆ ఒక్క పట్టీతో వచ్చేసింది.

ఈ లెన్సే కాదు, ఏ లెన్సూ చేయలేని పని ఒకటుంది. మా కర్నూలు ఎండలో పది దాటితే నేల మీది గాలి అలలు అలలుగా కదులుతుంది. రెండు వందల అడుగుల దూరాన తీగ మీద కూర్చున్న నల్లరెక్కల గద్ద కూడా నీళ్ళలో నీడలా కరిగిపోతుంది. అప్పుడు ఫోకస్‌ను తిట్టుకోకండి. తొమ్మిదిలోపు తీసుకుని ఇంటికి పోవడమే మేలు.

కొనేవాళ్ళకు రెండు మాటలు. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దుకాణంవాడు "కొత్తదాని లెక్కే మేడం" అన్నాడు, ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే లోపల అద్దం మీద ధూళి చుక్కలు. ఫోటోలో పడటం లేదు గానీ, ముందే చూసుంటే ధర తగ్గించమనేదాన్ని. టార్చి తీసుకుని వెళ్ళండి. మీ దగ్గర డీ90 లాంటి పాత నికాన్ బాడీ (లెన్సు లేని కెమెరా) ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు, లెన్సు ఎపర్చరు ఆ కెమెరా మాట వినదు. నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ బాడీ అయితే, మధ్యలో తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరు పెట్టుకుంటే చాలు.

రెండు కిలోలు మోయలేనివాళ్ళకు, ఇంటిచుట్టూ పిచ్చుకలు తీస్తే చాలనుకునేవాళ్ళకు నేను చెప్పను. గద్దల మీద మనసున్నవాళ్ళకు మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్తాను. పక్షి దగ్గరికి పోకుండానే దాని కళ్ళలోకి చూడనిస్తుంది.

మొన్న ఆదివారం ఆ మగ డేగ ఎండుపుల్ల ఒకటి పట్టుకుని వేపచెట్టులోకి దూరింది. వెనకే ఆడది. గూడు కడుతున్నట్టున్నాయి. కిందికి దిగి చెట్టు దగ్గరికి పోలేదు. మిద్దె మీది నుంచే, 500 దగ్గర, ఆరు ఫోటోలు తీసి లోపలికి వచ్చేశాను.