‘ఫ్యాక్టరీ గ్లాసే సార్’ అని నల్లద్దాల ఇంపోర్టెడ్ బండి అంటగడుతున్నారు, జాగ్రత్త

జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపు సెకండ్ హ్యాండ్ ఇంపోర్టెడ్ బండ్లు చూస్తున్నవాళ్లు టోకెన్ ఇచ్చే ముందు ఇది చదవండి. మా బావ ఇచ్చిన లక్ష రూపాయలు ఒక డీలర్ దగ్గర ఇరుక్కుపోయాయి. విషయం కన్జ్యూమర్ కమిషన్ దాకా వెళ్లేలా ఉంది కాబట్టి పేరు రాయట్లేదు. అయినా ఆ మాటకారితనం ఒక్క షాపుకే పరిమితం కాదు. ఆ తర్వాత చూసిన రెండు చోట్లా అదే పాట వినిపించింది.

బండి జపాన్‌ది. స్లైడింగ్ డోర్ల పెద్ద వ్యాన్, పెర్ల్ వైట్. లోపల కాళ్లు చాపుకుని పడుకునే సీట్లు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కడం దిగడం తేలిక అని బావ మనసు పారేసుకున్నాడు. వెనక అద్దాలన్నీ నల్లగా ఉన్నాయి. ‘నల్ల ఫిల్మ్ ఉంటే పోలీసులు ఆపుతారు కదా’ అని అడిగితే డీలర్ నవ్వాడు. ‘ఫిల్మ్ కాదు సార్, గోరుతో గీకి చూడండి. కంపెనీ నుంచే ఇలా వచ్చింది. ఫ్యాక్టరీ గ్లాస్‌కి చలానా ఉండదు’ అన్నాడు.

గీకి చూశాం. వెనక అద్దాలకి నిజంగానే ఫిల్మ్ లేదు. అబద్ధం రెండో ముక్కలో ఉంది.

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 100వ నిబంధన చెప్పేది సూటిగా ఉంటుంది: ముందు అద్దం, వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు పోవాలి, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం. అద్దం పుట్టుకతోనే నల్లదా, తర్వాత నల్లబడిందా అన్న తేడా ఆ లెక్కకి లేదు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములని నిషేధించినప్పుడు కూడా, కంపెనీలు రంగు అద్దాలు ఇవ్వొచ్చు గానీ వెలుతురు ఈ 70, 50 శాతానికి తగ్గకూడదు అంది. జపాన్, అమెరికా నుంచి వచ్చే వ్యాన్లు, ఎస్‌యూవీల వెనక సీట్ల దగ్గర ‘ప్రైవసీ గ్లాస్’ పెడతారు. అక్కడ అది చెల్లుతుంది. ఇక్కడ కనీసం 50 శాతం లేకపోతే చెల్లదు. పైగా ఫిల్మ్ అయితే పీకి పారేయొచ్చు. అద్దమే నల్లదైతే మొత్తం అద్దం మార్చాలి, మన దగ్గర అమ్మని మోడల్‌కి అద్దం బయటి నుంచి తెప్పించుకోవాలి.

వెలుతురు కొలిచే మీటర్ లేకుండానే ముందు ఒక అంచనాకి వచ్చే దారి ఒకటుంది. అద్దం కింది మూలన చిన్న ముద్ర ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసి చూడండి. అమెరికా పద్ధతిలో ‘ఏఎస్3’ అని ఉన్నా, వలయంలో ‘ఈ’ అనే యూరప్ గుర్తు పక్కన రోమన్ అంకె అయిదు ఉన్నా, అది 70 శాతం కంటే తక్కువ వెలుతురు పోనిచ్చే అద్దం అని తయారీదారే రాసినట్టు. అయితే పక్క అద్దానికి 70 లోపు ఉన్నంత మాత్రాన తప్పు కాదు, 50 లోపు ఉంటేనే తప్పు. అది మీటర్‌తోనే తేలుతుంది.

మేం కార్ డెకార్ పని చేసే తెలిసిన కుర్రాడిని మీటర్‌తో సహా తీసుకెళ్లాం. వెనక పక్క అద్దం 28. వెనక అద్దం కూడా అంతే. ముందు డోర్లకి మాత్రం పలచటి ఫిల్మ్ ఉంది. దాన్ని డీలర్ ‘ఆర్టీఓ అప్రూవ్డ్, 70 శాతం ఫిల్మ్’ అన్నాడు. ఆర్టీఓ ఆఫీసు ఫిల్ములకి సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు కాదు, అది అలా ఉంచండి. 70 శాతం ఫిల్మ్ వేస్తే అద్దం 70 శాతం అవదు. అద్దమే 70 శాతం వెలుతురు పంపేదైతే, అందులో మళ్లీ 70 శాతమే ఫిల్మ్ దాటుతుంది. అంటే 49. డబ్బా మీది అంకె చూసి మురిసిపోయేవాళ్లంతా ఇక్కడే దొరికిపోతారు. మా మీటర్‌లో 47 వచ్చింది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ప్రమాణాలకు తగిన ‘సేఫ్టీ గ్లేజింగ్’కి (లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం లాంటి వాటికి) చోటిచ్చారు. ఆ పరిమితుల్లో ఉన్న ఫిల్మ్‌కి చలానా రాయకూడదని 2024లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. డీలర్లు ఆ వార్త ఫోన్‌లో చూపిస్తారు, 70, 50 గురించి చెప్పిన భాగం మాత్రం వేలితో పైకి తోసేస్తారు.

అద్దాలతో అయిపోలేదు. ఆర్సీలో ఏడు సీట్లు, బండిలో నాలుగు. డ్రైవర్ వెనక అడ్డుగోడ, దానికో టీవీ. ఇదంతా ఇక్కడే చేయించారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ పొసగని మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్పు చేయించింది పాత ఓనరే కావచ్చు. కానీ రేపు రోడ్డు మీద ఆపితే స్టీరింగ్ దగ్గర ఉండేది మీరు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పని మార్పుల వల్ల క్లెయిమ్ దగ్గర ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

అసలు దెబ్బ సీటు బెల్టు దగ్గర తగిలింది. బెల్టు పూర్తిగా బయటికి లాగితే కింది చివర చిన్న లేబుల్ కుట్టి ఉంటుంది, దాని మీద తయారీ తేదీ వేస్తారు. ఆర్సీలో తయారీ 2017. బెల్టుల మీద 2013. ఒకటైతే మార్చారేమో అనుకోవచ్చు, అన్నిటి మీదా అదే! పాత కారు దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, రైట్ హ్యాండ్ డ్రైవ్ అయి ఉండాలి, ముంబై పోర్టు గుండానే రావాలి. ఈ బండి 2019లో దిగింది. ఆర్సీ ప్రకారం రెండేళ్లది, బెల్టుల ప్రకారం ఆరేళ్లది.

బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, అడిగాం. నంబర్ మీద తెల్ల ఇంకు పూసిన జిరాక్స్ ఇచ్చాడు. నంబర్, తేదీ, పోర్టు తెలిస్తే కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ సైట్‌లో మనమే చూసుకోవచ్చు, అందుకే ఆ ఇంకు. ‘కస్టమ్స్ వాళ్లు కొన్నవాళ్లని ఏమీ అనరు సార్’ అని ధైర్యం కూడా చెప్పాడు. తర్వాత కొన్నవాళ్లు దిగుమతిదారు కారు కాబట్టి వాళ్ల నుంచి సుంకం అడగకూడదని 2024లో సుప్రీంకోర్టు ఒక పోర్షే కేసులో తేల్చిన మాట నిజమే. కానీ ఆ కొన్నాయన అక్కడిదాకా ఏళ్ల తరబడి తిరిగాడు. బండిని సీజ్ చేయడం వేరే సంగతి.

కాగితాలు టోకెన్ ఇచ్చాకే చూపిస్తాం అన్నది వాళ్ల రూలు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. ఇప్పుడు బావ ఫోన్ చేస్తే డీలర్ ఎత్తట్లేదు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, లాయర్ నోటీసు వెళ్లింది. ఎవరైనా టోకెన్ అడిగితే, ‘ఆర్సీ, బిల్ ఆఫ్ ఎంట్రీ, బండి పరస్పరం సరిపోకపోతే మొత్తం తిరిగి ఇస్తాం’ అని రసీదు ముందు వైపు రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

ఆ వ్యాన్ ఇంకా అమ్మకానికే ఉంది, ధర కాస్త తగ్గించారు, ముందు డోర్ల ఫిల్మ్ పీకేశారు. మీకు చూపిస్తే టీవీ సంగతి తర్వాత, ముందు వెనక సీటు బెల్టు చివరిదాకా లాగండి.