డిజియాత్ర: క్యూ తగ్గింది సరే, ముఖం లెక్క ఎవరి దగ్గర?

శంషాబాద్ నుంచి దేశీయ విమానం ఎక్కేవారికి డిజియాత్ర యాప్ నిజంగానే సమయం మిగులుస్తుంది. డిజిలాకర్ ద్వారా ఆధార్ వివరాలు ఇచ్చి, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్‌ను జతచేసుకుంటే చాలు, ప్రవేశ ద్వారం దగ్గర బార్‌కోడ్ చూపించి కెమెరా వైపు చూడగానే గేటు తెరుచుకుంటుంది. ఒంటి తనిఖీ మాత్రం తప్పదు. బెల్టూ లాప్‌టాప్ ట్రేలోకి వెళ్లవలసిందే. యాప్ వాడకం తెలుసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అయితే 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నప్పుడు, మొదట ఇచ్చిన వివరాల సంగతేమిటన్న అనుమానం చాలామందికి కలిగింది.

2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన ఈ సేవను నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, డిజియాత్ర ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. అందులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగిలినది హైదరాబాదుతో సహా అయిదు విమానాశ్రయాలది. వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయని, విమానాశ్రయానికి పంపినవి విమానం బయలుదేరిన 24 గంటల్లో చెరిగిపోతాయని ఫౌండేషన్ చెబుతోంది. వినడానికి బాగుంది. కానీ పౌర విమానయాన శాఖ విధానపత్రమే భద్రతా అవసరాన్ని బట్టి ఆ గడువును మార్చుకునే వీలును, ప్రభుత్వ సంస్థలకు ప్రయాణికుల సమాచారం అందించే వీలును అట్టే పెట్టింది. అంటే 24 గంటలన్నది చట్టం ఇచ్చిన హక్కు కాదు, ఇచ్చినవారే సవరించుకోగల మాట.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చినప్పుడు, రాజ్యం అందులో జోక్యం చేసుకోవాలంటే ముందుగా ఒక చట్టం ఉండాలని, ఆ జోక్యం అవసరానికి మించకూడదని చెప్పింది. ముఖ గుర్తింపు కోసమే చేసిన చట్టం మనకు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సైతం దేశ భద్రత పేరుతో ఎంచుకున్న సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. హైదరాబాదు వీధుల్లో పోలీసులు వాడుతున్న ముఖ గుర్తింపుపై దాఖలైన పిటిషన్‌లో తెలంగాణ హైకోర్టు 2022లోనే నోటీసులిచ్చింది. వీధిలో అడగకుండా తీసుకునే ముఖాన్ని విమానాశ్రయంలో మనమే ఇస్తున్నాం కదా అని ఊరుకోవడం నాకు సబబుగా తోచదు. పైగా ప్రయాణికుల అంగీకారం సరిగా తీసుకోకుండానే ద్వారం దగ్గర సిబ్బంది ఫొటోలు తీసి నమోదు చేశారన్న ఫిర్యాదులు 2024 ఆరంభంలో వెల్లువెత్తాయి.

వేగానికి అయిదులో నాలుగున్నర ఇస్తాను. జవాబుదారీతనానికి రెండు, అదీ ఈ సేవ ఐచ్ఛికం కాబట్టి. గుర్తింపు కార్డు, టికెట్ చూపించి మామూలు వరుసలో వెళ్లే హక్కు ఎవరికైనా ఉంది. నెలకు నాలుగుసార్లు తిరిగేవారు బేరీజు వేసుకుని వాడుకోవచ్చు. ఏడాదికోసారి సంక్రాంతికి వెళ్లివచ్చే కుటుంబాలు మాత్రం ఓ పావుగంట ముందుగా బయలుదేరితే ఈ యాప్ అవసరమే పడదు. గేటు దగ్గర సిబ్బంది ఎవరైనా ఫోన్ పట్టుకుని ముఖం చూపించమంటే, ఎందుకని అడిగి, అక్కర్లేదనుకుంటే వద్దని చెప్పండి.