ఎస్పీ రోడ్డు పక్క సందులో వాల్వు రేడియోల అంగడి

బెంగళూరు ఎస్పీ రోడ్డు పక్క సందులో ఉంది ఈ అంగడి. పెద్దాయన చేతిపని అంతా వాల్వు రేడియోలే, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు గాజు వాల్వులతో నడిచిన పాత సెట్లు. గోడ నిండా మర్ఫీ, బుష్, ఫిలిప్స్, టెలిఫంకెన్ సెట్లు. కొన్ని చూడటానికి మాత్రమే, ఎంతిచ్చినా అమ్మరు.

బాగా నచ్చేది ఆయన ఓపిక. ఏళ్ళుగా మూలపడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టరు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకు వెళ్ళేలా, పెట్టి స్విచ్ వేస్తారు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. భగ్గున అలాగే వెలుగుతుంటే లోపల షార్టే. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు.

కొనేముందు వెనక అట్ట తప్పకుండా తీయించండి. స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (సిగ్నల్ అందుకునే తీగ) వెళ్ళే 0.01 మైక్రోఫారడ్ కాగితం కండెన్సరే అసలు దొంగ. అది లీకైతే గ్రిడ్ మీదికి ప్లస్ ఓల్టేజి ఎక్కి ఆ వాల్వు (ఈఎల్84) లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంది. వాల్వుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోవచ్చు. ఇక్కడ అమ్మే సెట్లలో దాని బదులు 630 ఓల్టుల పాలియెస్టర్‌ది వేస్తున్నారు. మీటరు పెట్టి చూపమంటే చూపిస్తారు, గ్రిడ్ దగ్గర ఇంచుమించు సున్నా ఉండాలి. కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్‌ను కూడా 47 మైక్రోఫారడ్ దాటనివ్వరు. హమ్మింగ్ తగ్గుతుందని కొందరు 100 వేస్తారు గానీ ఏసీని డీసీగా మార్చే ఈజెడ్80 వాల్వు తట్టుకోగలిగేది 50 వరకే.

వాల్వు తలమీద గాజు లోపల వెండి పూతలా మెరుస్తుంటే మంచిది. పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టే, ఇక అది పనికిరాదు. మన జాలహళ్ళి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు ఈయన దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి, అడగండి.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లతో మాత్రం జాగ్రత్త. లోపలి ఇనుప చట్రానికే (చాసిస్) కరెంటు ఉండొచ్చు. నాబ్ ఊడిన సెట్టు పిల్లలున్న ఇంటికి వద్దు. వీటిలో వాల్వుల ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా, పెళ్ళి పందిరి సీరియల్ సెట్టులా అన్నీ ఆరిపోతాయి.

రెండు లోపాలు. క్యాబినెట్‌కు వార్నిష్ మరీ దట్టంగా కొడుతున్నారు, చెక్క నార కనబడటం లేదు. ఏ పార్టులు మార్చారో బిల్లు మీద రాయరు, దగ్గరుండి రాయించుకోవాలి.

ఇంటికి తెచ్చాక డయల్ అద్దాన్ని లోపలివైపు తడిగుడ్డతో తుడవకండి, స్టేషన్ల పేర్లు లేచిపోతాయి. పొడి బ్రష్ చాలు. పదిహేను అడుగుల వైరు ఏరియల్‌కు కట్టి, ఫోన్ చార్జర్లు తీసేసి, మీడియం వేవ్‌లో 612 కిలోహెర్ట్జ్ పెట్టండి. డయల్ మీద మీటర్లుంటే ముల్లు 490 దగ్గర ఆగాలి. బెంగళూరు ఆకాశవాణి అక్కడే వస్తుంది.