ఎల్‌జీబీటీ జర్నలిస్టుకి ఏది మేలు: విదేశీ సదస్సా, మన ఊళ్లో సమావేశమా?

పోయిన నెలలో ఒక రాత్రి, సిటీ ఎడిషన్ వదిలి బండి తీస్తుంటే ఫోన్ వచ్చింది. వరంగల్ కుర్రాడు, ఇక్కడే ఒక చానల్‌లో రిపోర్టర్. గే అని ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు. నాకు తెలుసు, నేనూ గేనే కాబట్టి. "అన్నా, అమెరికాల మనసొంటి జర్నలిస్టులకు పెద్ద కాన్ఫరెన్స్ అయితదంట. దాచుకున్న పైసలున్నయి. పోవాల్నా, ఇక్కడనే ఏదన్న చూసుకోవాల్నా?" అన్నాడు. రోడ్డు మీద నిలబడి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పెద్ద సదస్సు సంగతి. అమెరికాలో ఎన్ఎల్‌జీజేఏ అనే ఎల్‌జీబీటీ జర్నలిస్టుల సంఘం ఉంది, ఆ సదస్సు జరిపేది అదే. 1990లో లీరాయ్ ఆరన్స్ అనే సంపాదకుడు పెట్టారు. ఆ ఏడాది పత్రికా సంపాదకుల సభలో, న్యూస్‌రూముల్లోని గే, లెస్బియన్ ఉద్యోగుల మీద చేసిన సర్వే ఫలితాలు చెబుతూ, తానూ గేనని అందరి ముందూ చెప్పేశారు. అక్కడి నుంచి పుట్టిందే ఈ సంఘం. ఇలాంటి సదస్సుల్లో శిక్షణ తరగతులు ఉంటాయి, ఉద్యోగాలిచ్చే ఎడిటర్లు వస్తారు, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు దారి చూపిస్తారు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు, అంతర్జాతీయ సంస్థలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నేను ఒక్కసారి ఇలాంటి సదస్సుకు ఫెలోషిప్ మీద వేరే దేశం వెళ్లాను. సెషన్లలో విన్నది చాలావరకు మర్చిపోయాను. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన "మీ పార్ట్‌నర్ ఏం చేస్తారు?" అని అడగడం మాత్రం మర్చిపోలేదు. ఊరేది, ఏ పత్రిక అని అడిగినట్టే అడిగారు. పన్నెండేళ్లుగా ఆఫీసులో "పెళ్లెప్పుడు?" అనే ప్రశ్న తప్ప వేరేది వినని నాకు ఒక్క క్షణం ముద్ద దిగలేదు. ఆ రెండు రోజులూ ఏదీ దాచుకోవాల్సిన పని లేకుండా ఉన్నాను. ఆ అనుభవం ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అంత దూరం వెళ్లడానికి సెలవు చీటీలో మాత్రం "సొంత పని" అనే రాశాను.

కానీ మన పనికి అక్కడ దొరకనిది ఒకటి ఉంది, భాష. అక్కడ ఒక సెషన్‌లో గంటసేపు ఇంగ్లిష్ సర్వనామాల గురించే మాట్లాడారు. స్త్రీ అనీ పురుషుడనీ చెప్పకుండా ఒకే మనిషిని ఎలా సూచించాలన్నది వాళ్ల ఇబ్బంది. తెలుగులో "వచ్చారు", "చెప్పారు" అంటే అయిపోతుంది. గౌరవమూ ఉంటుంది, లింగమూ బయటపడదు. మన ఇబ్బంది వేరే. ట్రాన్స్ మహిళ మీద దాడి జరిగితే మొదటి పేరాలో "అతడు", మూడో పేరాలో "ఆమె". రైల్లో గొడవైతే "హిజ్రాల హల్‌చల్" అని హెడ్డింగ్. ఇద్దరమ్మాయిలు కలిసి బతుకుతామంటే వాళ్లకు "స్వలింగ సంపర్కులు" అని ముద్ర. ప్రేమ గురించి రాస్తూ పడక గురించి చెప్పే మాట అది. ఇవి దిద్దే పద్ధతి ఏ విదేశీ సదస్సూ మనకు నేర్పదు. తమిళంలో మద్రాసు హైకోర్టు చొరవతో, 2022లో ప్రభుత్వమే గౌరవంగా రాయాల్సిన పదాల పట్టిక గెజిట్‌లో ప్రచురించింది. తెలుగులో ఏ డెస్క్‌కు తోచినట్టు ఆ డెస్క్ రాసుకుంటోంది.

అందుకే మన ఊళ్లో జరిగే చిన్న సమావేశాలకు నా దృష్టిలో అంత విలువ. బంజారాహిల్స్‌లో చెట్టు కింద ఎనిమిది మందిమి చాయ్ తాగుతూ కూర్చున్న ఒక సాయంత్రం చెబుతాను. ఒక క్రైమ్ వార్త కటింగ్ తీసుకెళ్లాను. అందులో "మహిళ వేషంలో ఉన్న యువకుడు" అని ఉంది. మాతో ఉన్న ట్రాన్స్ మహిళ నా చేతిలో పెన్ను తీసుకుని "వేషంలో" అన్న మాట కొట్టేశారు. "యువకుడు" కూడా కొట్టేశారు. పైన "మహిళ" అని రాసి, "ఇంతే కదమ్మా" అన్నారు. మరుసటి వారం అలాంటి కాపీయే డెస్క్‌కు వస్తే నేను అదే చేశాను. ఇన్‌చార్జి ఏమీ అనలేదు.

వార్తలూ అక్కడే దొరుకుతాయి. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో చేసిన చట్టం ఒకటి ఉండేది. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవడానికి, ఆడవాళ్ల దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవడానికి అధికారం ఇచ్చిన చట్టం. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. తీర్పు కాపీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఆ భయం ఎలాంటిదో తెలియాలంటే మాత్రం ఈ నగరంలో బతికిన పెద్దవాళ్ల పక్కన కూర్చోవాలి.

ఇక్కడి చిక్కు కూడా చెప్పాలి. హైదరాబాద్ జర్నలిస్టుల లోకం చాలా చిన్నది. సాయంత్రం ఎవరో తీసిన ఫొటో పొద్దున్నకల్లా సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో తిరుగుతుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకున్న స్వలింగ సంబంధం శిక్షాస్మృతి 377 సెక్షన్ కింద నేరం కాదని చెప్పింది నిజమే. ట్రాన్స్ ఉద్యోగులకు 2019 చట్టంలో వివక్ష నుంచి రక్షణ ఉంది. గే అని తెలిసి ప్రైవేటు యాజమాన్యం బీట్ మార్చినా, తీసేసినా పట్టుకునే ప్రత్యేక చట్టం మాత్రం లేదు. ఆ టెన్షన్ ఉన్నవాళ్లు ఫొటోలు వద్దని ముందే గట్టిగా చెప్పాలి. ఈ ఒక్క విషయంలో దూరదేశమే నయం. ఆన్‌లైన్ తరగతులు కూడా నయమే, కెమెరా ఆపేసుకుని వినొచ్చు. చట్టం లాంటివి నేర్చుకోవడానికి బాగుంటాయి, స్నేహాలు కలవవు.

జర్నలిస్టు సంఘాల మహాసభలు, మహిళా జర్నలిస్టుల సమావేశాలు ఇంకో రకం. అక్కడ మనం నేర్చుకునేది తక్కువ. కానీ యాజమాన్యాలతో మాట్లాడేది ఆ సంఘాలే, ఆరన్స్ నోరు విప్పిందీ అందరూ ఉన్న సభలోనే. ధైర్యం ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లి మాట్లాడాలి.

మా వరంగల్ తమ్ముడికి నేను చెప్పేది ఇది. చేతి డబ్బు పెట్టుకుని వెళ్లకు. అమెరికా వీసా దరఖాస్తుకే 185 డాలర్లు, వీసా రాకపోయినా అవి తిరిగి రావు. టికెట్టు, హోటల్ కలిస్తే దాచుకున్నదంతా ఒక్క వారంలో ఊడ్చుకుపోతుంది. స్కాలర్‌షిప్ ఇస్తారేమో రాసి అడుగు, ఇస్తే రెండో ఆలోచన లేకుండా వెళ్లు. ఈలోగా ఆర్నెల్లు ఇక్కడి సమావేశాలకు రా. నీ చానల్ స్క్రోలింగ్‌లో వచ్చిన తప్పులు రాసి పట్టుకురా. వచ్చే నెల రెండో ఆదివారం, సాయంత్రం ఐదింటికి, అదే చెట్టు కింద ఉంటాం. ఫొటోలు ఎవరూ తీయరు, ఆ పూచీ నాది.