నౌబత్ పహాడ్ మీద చీకటి, వనస్థలిపురం డాబా మీద శని

చిన్నోడికి హైదరాబాద్‌లో బిర్లా ప్లానిటోరియం చూపిస్తానని మాటిచ్చి రెండేళ్లయింది. 2025లో సంక్రాంతి అయిపోగానే, మర్నాడు శనివారం బడి ఉన్నా డుమ్మా కొట్టించి బయల్దేరదీశాను. "నేను గూడ వస్త, బిర్లా మందిర్ చూసినట్టుంటది" అని అమ్మ చీర మార్చుకుని ముందే గుమ్మంలో నిలబడింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఈ ట్రిప్పులో ప్రతి చోటునీ నేను మెట్ల లెక్కన కూడా చూశాను.

సూర్యాపేట వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఒక మాట. ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా ట్రాఫిక్‌లో ఊగుతూ పోవద్దు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే రెడ్ లైన్ ఒక్కటే, ఎక్కడా మారకుండా అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. కాస్త నడవగలిగితే అక్కణ్ణుంచి కొండ దూరమేమీ కాదు. మేం అమ్మ కోసం ఆటో ఎక్కాం. ఆ కొంచెం దూరానికి నూట యాభై అడిగాడు, వందకు దిగాడు, దిగేటప్పుడు చిల్లర లేదన్నాడు.

రాత్రి బస నాంపల్లిలో ఒక లాడ్జిలో. వనస్థలిపురంలో అక్క ఇల్లుంది గానీ, పండక్కి వచ్చిన బావ తరఫు వాళ్లు ఇంకా వెళ్లలేదు. గదికి పద్దెనిమిది వందలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. పొద్దున ఆరింటికే వేడినీళ్లన్నారు, మూడుసార్లు ఫోన్ చేస్తే ఏడున్నరకు గోరువెచ్చగా వచ్చాయి. లిఫ్ట్ ఉంది కదా అని తీసుకున్నాను. తీరా ఆ లిఫ్ట్ ఎక్కాలంటే ముందు తొమ్మిది మెట్లెక్కాలి. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు గది బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా అని కాదు, ఎక్కడ మొదలవుతుందని అడగండి.

పొద్దున్నే గుడి. 1976లో కట్టిన పాలరాతి గుడి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయట ఇచ్చి వెళ్లాలి. ఈ కొండ పేరు నౌబత్ పహాడ్. నౌబత్ అంటే నగారా. ఒకప్పుడు ఇక్కడ నగారా మోగించి సర్కారు ఫర్మానాలు చాటేవారట.

అదే కొండ మీద ప్లానిటోరియం. 1985 సెప్టెంబర్ 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ప్రారంభించారు. ఇక్కడ తప్పు నాదే. తొందరలో ఏ భాష షో అని అడక్కుండా టికెట్లు తీసుకున్నాను, తీరా చూస్తే ఇంగ్లిష్. చిన్నోడికి ఫరవాలేదు గానీ అమ్మ సంగతేంటి? తర్వాతి తెలుగు షోకు మళ్లీ టికెట్లు తీసుకుని, ఈలోగా మ్యూజియంలోకి వెళ్లాం. కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, "తెలుగు షో ఎన్నింటికి?" అన్నది.

మ్యూజియంలో చేతితో తిప్పి చూసే పరికరాలు పిల్లలకు కాలక్షేపం. నన్ను ఆపేసింది మాత్రం డైనోసార్. ప్లాస్టిక్ బొమ్మ అనుకునేరు, మన ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటసారస్ అది. ఒకే జంతువు ఎముకలు కావు, చాలా జంతువులవి కలిపి నిలబెట్టారు. ఏ ఎముక ఏ జంతువుదో అని చిన్నోడు దాని పక్కటెముకలు లెక్కపెడుతూ అరగంట తినేశాడు.

ఇక షో. లోపలికి వెళ్లి వెనక్కి వాలి కూర్చున్నాం. దీపాలు ఒక్కసారిగా ఆరవు, సందె చీకటి పడ్డట్టు మెల్లగా తగ్గుతాయి. కళ్లకు చీకటి అలవాటయ్యేలోపు గుమ్మటం నిండా చుక్కలు. వ్యాఖ్యానంలో సప్తర్షి మండలం అనే మాట వచ్చిందో లేదో, అమ్మ గట్టిగా "అగో, ముసలమ్మ మంచం!" అంది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనక మూడు చుక్కలు మంచం ఎత్తుకుపోవడానికొచ్చిన ముగ్గురు దొంగలు. ఈ కథ నేను చిన్నప్పుడు విన్నదే. చిన్నోడికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఎక్కడ నిలబెట్టి చెప్తాను, మా డాబా మీద నుంచి ఆ మంచానికి రెండు కోళ్లు కనిపిస్తే గొప్ప.

నాకు ప్లానిటోరియం నచ్చింది అందుకే. గ్రహాల దూరాలు, గెలాక్సీల బొమ్మలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. దొరకనిది ఆ చీకటి. టికెట్ డబ్బులు దానికే. షో మొదలయ్యాక చీకట్లో సీటు వెతుక్కోవడం కష్టం, కాబట్టి పావుగంట ముందే చేరండి. పెద్దవాళ్లను వరుస చివరి కుర్చీల్లో కూర్చోబెడితే లేవడానికి తేలిక.

బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ) ఆవరణలో ఉన్న పాత నిజామియా వేధశాల కూడా జాబితాలో ఉండింది, ఈసారి కుదర్లేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టాడు, తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటోలు తీసి పటం గీసినప్పుడు హైదరాబాద్ వాటాలో లెక్కతేలినవి 7 లక్షల 63 వేల పైచిలుకు నక్షత్రాలు. ఒక్కోటీ చేత్తో కొలిచారు.

సాయంత్రానికి అక్క ఇంటికి చేరాం. చుట్టాలు వెళ్లిపోయారు, సకినాలు మిగిలాయి. బావ వాళ్ల కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద ఔత్సాహికులు కొందరు టెలిస్కోప్ పెడుతున్నారని తెలిసి ఆ రోజే చూసుకుని వచ్చాను. జనవరి 18న పడమర శుక్రుడు, శని పక్కపక్కనే. నడినెత్తికి దగ్గరగా రోహిణి పక్కన గురుడు. తూర్పున కుజుడు ఎర్రగా. చంద్రుడు వచ్చేది బాగా పొద్దుపోయాకే.

డబ్బుల్లేవు, కుర్చీల్లేవు. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పే అద్దం టెలిస్కోప్) ఒక్కటే, దాని వెనక నలభై మంది క్యూ. మనిషికి అరనిమిషం. లిఫ్ట్ అయిదో అంతస్తు దాకానే, పైన ఇరవై రెండు మెట్లు. అమ్మ రెండుసార్లు కూర్చుని ఎక్కింది.

ముందు శుక్రుడు. చుక్కలా ఉంటుందనుకున్న చిన్నోడు "సగం చంద్రుడిలా ఉందమ్మా" అన్నాడు. తర్వాత శని. వాడు పుస్తకంలో చూసిన పెద్ద వలయాల కోసం కన్నార్పకుండా చూసి, మొహం వేలాడేశాడు. బంతిలోంచి సూది గుచ్చినట్టు సన్నటి గీత, అంతే. సుమారు పదిహేనేళ్లకోసారి ఆ వలయాలు మనకు అంచు వైపు తిరుగుతాయి, మార్చిలో పూర్తిగా అలా అవుతాయి, ఇలా చూడటం కూడా అదృష్టమే అని అక్కడి కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. వాడు నమ్మలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ కుర్రాడి చెయ్యి. ప్రతి మనిషి మారగానే గొట్టాన్ని వేలితో కొంచెం నెట్టేవాడు. "ఎందుకన్నా ఊరికే కదుపుతున్నావ్?" అని చిన్నోడు అడిగితే, "కదపకుండా చూడు" అని వదిలేశాడు. శని మెల్లగా అంచుకు జారి మాయమైపోయింది. "అది జరగలేదు తమ్ముడూ, మనం తిరిగినం." నాలుగో తరగతి పుస్తకంలో భూభ్రమణం అని బట్టీ పట్టింది వాడికి ఆ క్షణాన కంటికి కనబడింది. గురుడి పక్కన వరుసగా చిన్న చుక్కల్ని, 1610లో గెలీలియో కనిపెట్టిన ఆ ఉపగ్రహాలను చూసేసరికి శని మీద కోపం పోయింది.

ఆకాశం మాత్రం ప్లానిటోరియంలో చూసిన దాంట్లో పదో వంతు కూడా లేదు. పిల్లలకోడి (కృత్తిక) చుక్కలు అమ్మకు మూడు కనిపించాయి, నాకు అయిదు. వీలైతే ఇదే వరుసలో వెళ్లండి. పగలు ప్లానిటోరియం, అదే రాత్రి టెలిస్కోప్. ముందు అక్కడ చూస్తేనే ఇక్కడ ఏం వెతకాలో తెలుస్తుంది. ఒక్కటే కుదిరితే, పదేళ్లు దాటిన పిల్లలకు డాబాయే మేలంటాను.

అమ్మ కంటిని అద్దానికి ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. క్యూలో వెనకాయన గొంతు సవరించుకున్నాడు. దిగేటప్పుడు చెప్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. రంగాపూర్ వేధశాల దగ్గరికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వస్తే, ఈమె తలుపులేసుకుని వెల్లకిలా పడుకుంది. అక్క కడుపులో ఉంది, నాయనమ్మ కదలనివ్వలేదు. వాకిట్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారట. అది నిలబడ్డదా లేదా అన్నది కూడా చూడనివ్వలేదు.

మే 9న మధ్యాహ్నం 12:12కి హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడు, నిలబెట్టిన వస్తువుకు నీడ కనబడదు. ఆగస్టు 3న మళ్లీ. ఆ సంగతి చెప్పగానే అమ్మ అక్కను అడిగింది, "మన పాత రోకలి నీ దగ్గర్నే ఉన్నది గదా?"