పలెర్మో సదస్సు: ప్రతిపాదన పంపడం నుంచి పోర్టెల్లా దాకా

సిసిలీ రాజధాని పలెర్మోలో వ్యవస్థీకృత నేరాల మీద సదస్సు జరుగుతుందని తెలియగానే, ఎలాగైనా వెళ్లాలనుకున్నాను. సరిహద్దులు దాటే వ్యవస్థీకృత నేరాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 2000 డిసెంబరులో దేశాలు సంతకాలు పెట్టింది ఈ ఊళ్లోనే. అందుకే దాన్ని పలెర్మో ఒప్పందం అంటారు. మన దేశం 2011లో ఆమోదించింది. నా పరిశోధన చిన్న వ్యాపారుల దగ్గర జరిగే బలవంతపు వసూళ్ల మీద. ఆ విషయం మాట్లాడటానికి ఇంతకన్నా సరైన ఊరు నాకు తెలియదు. వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో రాస్తున్నాను.

మిగతా ప్రయాణమంతా పేపర్ ప్రతిపాదన మీదే ఆధారపడుతుంది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి సదస్సులు సాధారణంగా 250, 300 పదాల్లో సారాంశం అడుగుతాయి. అందులో సగం నేపథ్యానికే పోతే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. మాఫియా ఎంత ప్రమాదకరమో ఎంపిక చేసేవాళ్లకి మనం వివరించక్కర్లేదు. మన ప్రశ్న ఏమిటి, సమాచారం ఎక్కణ్ణుంచి తెచ్చాం, మనతో మాట్లాడినవాళ్ల భద్రతకు ఏం జాగ్రత్త తీసుకున్నాం అన్నవి వాళ్లకి స్పష్టంగా కనబడాలి. భద్రత సంగతి చాలామంది వదిలేస్తారు. వసూళ్లకు గురైన వ్యాపారి పేరు మార్చి, వీధి పేరు ఉంచేస్తే అతన్ని పట్టుకోవడం ఎంతసేపు? ఆ జాగ్రత్త గురించి ఒక్క వాక్యమైనా రాయండి.

నిర్వచనం కూడా ముందే తేల్చుకోవాలి. పలెర్మో ఒప్పందం ప్రకారం ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది కొంతకాలంగా ఒక్కటై, డబ్బు కోసమో వేరే లాభం కోసమో తీవ్రమైన నేరాలు చేస్తుంటే అది నేర ముఠా. తీవ్రమైన నేరమంటే గరిష్ఠ శిక్ష నాలుగేళ్లు లేదా అంతకు మించి ఉన్నది. ఇటలీ శిక్షాస్మృతిలో 1982లో చేర్చిన 416 బిస్ సెక్షన్ చూసేది వేరు. ముఠా పేరు వినగానే జనం భయపడి నోరు మూసుకుంటారే, ఆ భయాన్ని పెట్టుబడిగా వాడుకుంటున్నారా అన్నది దాని ప్రశ్న. వసూళ్ల మీద పనిచేసేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. చెయ్యి కూడా చేసుకోకుండా నెలనెలా డబ్బు ఎలా చేతికొస్తుందో రెండో నిర్వచనమే పట్టుకుంటుంది. నేను దాని మీదే నిలబడ్డాను. ప్యానెల్‌లో వచ్చిన మంచి ప్రశ్నలన్నీ అక్కణ్ణుంచే పుట్టాయి.

ఎంపికైనట్టు మెయిల్ రాగానే వీసా కోసం ఆహ్వాన పత్రం విడిగా అడగండి. షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కొన్ని సదస్సులు ఫలితాలు బాగా ఆలస్యంగా చెబుతాయి, అప్పుడు అపాయింట్‌మెంట్ దొరక్క టెన్షన్ మొదలవుతుంది. పేపర్ల కోసం ప్రకటన వచ్చినప్పుడే ఫలితాల తేదీ చూసి, పంపాలో వద్దో నిర్ణయించుకోవడం మేలు. పరిశోధక విద్యార్థులకు రుసుము తగ్గింపు ఉందేమో కూడా అప్పుడే అడగాలి.

పలెర్మో విమానాశ్రయానికి మాఫియా కేసులు చూసిన ఫాల్కోనే, బోర్సెల్లినో అనే ఇద్దరు న్యాయాధికారుల పేరు పెట్టారు. ఊళ్లోకి రైలూ ఉంది, బస్సూ ఉంది. హాయిగా వెళ్లాలంటే రైలు నయం. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు రోడ్డు మీద వెళ్లాలని నా సలహా. కపాచి దగ్గర హైవేకి రెండు వైపులా ఎర్రటి స్తంభాలు కనిపిస్తాయి. 1992 మే 23న ఆ రోడ్డు కింద వందల కిలోల పేలుడు పదార్థం పెట్టి జొవాన్నీ ఫాల్కోనేని, ఆయన భార్య ఫ్రాంచెస్కా మోర్విల్లోని, ముగ్గురు అంగరక్షకుల్ని మాఫియా వాళ్లు చంపారు. అప్పటికి నాలుగు నెలల కిందటే, జనవరి 30న, ఆయన ఏళ్ల తరబడి సాక్ష్యాలు కూడగట్టిన మహా విచారణలో (వందలమంది మాఫియా నిందితుల మీద ఒకేసారి సాగిన కేసు) పడిన శిక్షల్ని అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది. హత్యకు ఒక ముఖ్య కారణం అదే. రెండు నెలల్లోపే, జూలై 19న, పావొలో బోర్సెల్లినోని కూడా కారు బాంబుతో చంపారు.

బస విషయానికొస్తే, మొదట రైల్వే స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో దిగాను. చవక, సదస్సు జరిగే భవనానికి నడక దూరం. కానీ బుకింగ్‌లో చూపించిన డెస్కు గదిలో లేదు, వైఫై రాత్రిపూట ఆగిపోయేది, ఫోన్ చేస్తే యజమాని ఎత్తేవాడు కాదు. రేపు పేపర్ చదవాలనగా ఇలాంటి గదిలో ఉండటం నరకం. బయటికొచ్చేటప్పుడు రసీదు అడిగితే నగదుకి రసీదు ఉండదన్నాడు. ప్రయాణ ఖర్చు విశ్వవిద్యాలయం నుంచి రాబట్టుకోవాల్సినవాళ్లకి ఇదొక్కటే చాలు ఆ గది వద్దనుకోవడానికి.

ఆ తర్వాత అద్దియోపిజ్జో జాబితాలో ఉన్న ఒక చిన్న బసకి మారాను. పిజ్జో అంటే సిసిలీ మాఫియా దుకాణదారుల దగ్గర గుంజే మామూలు. 2004లో కొందరు యువకులు ‘పిజ్జో కట్టే జనమంతా ఆత్మగౌరవం లేని జనం’ అని రాసిన స్టిక్కర్లు ఊరంతా రాత్రికి రాత్రి అంటించారు. ఆ పనితో మొదలైన ఉద్యమం ఇది. మామూలు కట్టబోమని బహిరంగంగా చెప్పిన దుకాణాలు, హోటళ్లు, బసలు దాని జాబితాలో ఉంటాయి. నా గది ఖరీదు అపార్ట్‌మెంట్ కంటే ఎక్కువే. కానీ శుభ్రంగా ఉంది, బల్ల ఉంది, అడక్కుండానే బిల్లు ఇచ్చారు. వసూళ్ల మీద పేపర్ చదవడానికి వచ్చి, నా డబ్బులో ఒక వాటా ఆ వసూళ్లకే పోతుందేమో అనే అనుమానంతో నిద్రపోవడం నాకు ఇష్టం లేదు. సదస్సు నిర్వాహకులు బసల జాబితా పంపేటప్పుడు ఈ సంగతి ముందే రాస్తే ఎంత బావుంటుంది!

అద్దియోపిజ్జో ట్రావెల్ వాళ్ల నడక యాత్ర తప్పక చేయాలి. గైడు హత్యల కథలతో భయపెట్టే ప్రయత్నమే చేయలేదు. దుకాణదారుడికి మొదటి హెచ్చరిక ఎలా వస్తుంది, తాళంలో జిగురు పోయడం అంటే ఏమిటి, ఫిర్యాదు చేసినవాడి పక్కన ఇప్పుడు ఎవరు నిలబడతారు, ఇలాంటివే చెప్పాడు. లిబెరో గ్రాస్సీ గురించి చెప్పేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. దుస్తుల తయారీ వ్యాపారి ఆయన. మామూలు కట్టనని 1991 జనవరిలో పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. తోటి వ్యాపారులు ఆయనకి అండగా నిలబడలేదు. నా పేపర్‌లో ఒంటరితనం గురించి ఒక పేరా ఉండేది, ఆ సాయంత్రం కూర్చుని దాన్ని మొత్తం మళ్లీ రాశాను.

ఇదే ఊళ్లో మాఫియా బొమ్మల టీషర్టులు, అయస్కాంతాలు అమ్మే కొట్లూ, తుపాకీ కథలు చెప్పే కారు టూర్లూ ఉన్నాయి. అలాంటి టూరు ఒకటి ఎక్కాను. బోలెడు పేర్లు వినిపించాయి, ఒక్క తీర్పు గురించీ వినిపించలేదు. ఎవరికీ సిఫారసు చేయను.

ఊచ్చార్దోనే జైలు పక్కనున్న బంకర్ కోర్టు మామూలు సందర్శకులకి ఎప్పుడూ తెరిచి ఉండదు. సదస్సు వాళ్లు అనుమతి తేవడం వల్ల చూడగలిగాం. మహా విచారణ కోసమే కట్టిన హాలు అది. 1986 ఫిబ్రవరి 10 నుంచి 1987 డిసెంబరు 16 దాకా వందలమంది నిందితుల విచారణ ఇక్కడే సాగింది. గోడల వెంట ఆకుపచ్చ బోనులు ఇప్పటికీ ఉన్నాయి. మీ సదస్సు కార్యక్రమంలో ఈ సందర్శన ఉంటే, ఆ పూట ప్యానెల్ మానేసైనా వెళ్లండి.

పరిశోధకులకి ఇంతకంటే పనికొచ్చేది, మాఫియా ఊరుగా పేరుపడ్డ కోర్లియోనేలో మాఫియా మీద పత్రాలు భద్రపరిచే చిద్మా కేంద్రం. మహా విచారణ కాగితాల కట్టలు అరల నిండా ఉన్న గది ఒకటుంది అక్కడ. మాఫియా హత్యల్ని కెమెరాకెక్కించిన పత్రికా ఫొటోగ్రాఫర్ లెతీజియా బత్తాలియా తీసిన ఫొటోలూ ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకోవాలి, స్థానికులే తిప్పి చూపిస్తారు. మా గైడు ఓపికగా, గౌరవంగా మాట్లాడింది. తన ఊరి పేరు చెప్పగానే జనం నవ్వే నవ్వు తనకి ఎంత బాధో కూడా చెప్పింది. పలెర్మో నుంచి బస్సులో వెళ్లొచ్చు గానీ, ఆదివారం పెట్టుకోవద్దు, బస్సులు బాగా తక్కువ. పలెర్మోలోనే ఉన్న నో మాఫియా మెమోరియల్ అనే ప్రదర్శనశాలకి బస్సు బాధ లేదు. దాన్ని నడిపే ఇంపాస్తాతో పరిశోధన కేంద్రం (మాఫియా చంపిన ఒక ఉద్యమకారుడి పేరు అది) 1977 నుంచి పనిచేస్తోంది. గ్రంథాలయం వాడుకోవాలంటే ముందుగా మెయిల్ పెట్టడం మంచిది.

చివర్లో పలెర్మోకి దగ్గర్లోని కొండ ప్రాంతం పోర్టెల్లా డెల్లా జినెస్త్రా వైపు ఒక పొలం బసలో ఉన్నాను. బ్రుస్కా అనే మాఫియా కుటుంబం నుంచి ప్రభుత్వం జప్తు చేసిన ఆస్తి అది, మాఫియా చంపిన కార్మిక నాయకుడు ప్లాచిదో రిజ్జోత్తో పేరు మీదున్న సహకార సంఘం నడుపుతోంది. కపాచిలో బాంబు మీట నొక్కింది ఆ కుటుంబపు జొవాన్నీ బ్రుస్కానే. జప్తు చేసిన ఆస్తుల్ని ప్రజల అవసరాలకి ఇవ్వాలని లిబెరా అనే మాఫియా వ్యతిరేక సంస్థ పది లక్షల సంతకాలు సేకరిస్తే, 1996లో 109వ నంబరు చట్టం వచ్చింది. గదులు సాదాసీదాగా ఉన్నాయి, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, సొంత వాహనం లేకపోతే రావడం కష్టం. అయినా ఈ యాత్రలో ఉన్న బసలన్నిటిలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. దగ్గర్లోనే 1947 మే డే రోజున రైతుల మీద కాల్పులు జరిగిన మైదానం ఉంది. చనిపోయిన 11 మంది పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి.

సదస్సుకి అటూ ఇటూ ఒక్క రోజే మిగిలితే కోర్లియోనే ఎంచుకోండి. రెండు రోజులుంటే రెండోది పోర్టెల్లాకి ఇవ్వండి, కారు మాత్రం వీసా రాగానే బుక్ చేసుకోండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే తోటి ప్రతినిధుల్లో కారు నడిపేవాళ్లని ముందే కలుపుకోండి, ఖర్చూ పంచుకోవచ్చు.