ఖరీదైన ట్రాన్స్‌ఫార్మింగ్ రోబో కొనే ముందు దాని భుజం కీలు చూడండి: నా అనుభవంతో ఒక హెచ్చరిక

కారుగా మారే ఒక పెద్ద రోబో బొమ్మ మీద నెల జీతంలో నాలుగో వంతు పోశాను. రెండోసారి కారుగా మారుస్తుండగానే దాని కుడి భుజం నా చేతిలోకి ఊడి వచ్చింది. అమ్మినవారి పేరు, తయారుచేసినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే లోపం అదే ధరలో దొరికే వేరే బొమ్మల్లోనూ ఉండవచ్చు గనుక, పేరు గుర్తుపెట్టుకోవడం కంటే లోపాన్ని కంటితో పట్టుకోవడం కొనేవారికి ఎక్కువ పనికివస్తుంది.

నేను కొన్నది అసలు హక్కుదారుల అనుమతి లేకుండా చిన్న సంస్థలు తయారుచేసే రకం. సేకర్తల మధ్య వీటిని థర్డ్ పార్టీ బొమ్మలంటారు. పెట్టె తెరిచి చేతిలోకి తీసుకోగానే ఆ బరువుకు మురిసిపోయాను. ఆ బరువంతా పాదాల్లోనూ పిక్కల్లోనూ పోసిన డై-కాస్ట్ లోహానిదని, నడుము నుంచి పైన అంతా మామూలు ప్లాస్టిక్కేనని తరువాత తెలిసింది. పాదాలు బరువైతే బొమ్మ నిలకడగా నిలబడుతుంది, నిజమే. కానీ చేత్తో పైకెత్తిన ప్రతిసారీ ఆ బరువు తుంటి కీళ్ల మీద వేలాడి వాటిని వదులు చేస్తుంది. లోహం మీద వేసిన రంగు కూడా పక్క భాగానికి రాసుకున్న చోటల్లా పెచ్చులుగా లేస్తుంది. బరువును నాణ్యతకు గుర్తుగా భావించడం నేను చేసిన మొదటి పొరపాటు.

భుజం విరిగిన తీరు వివరంగా చెప్పాలి. ఈ బొమ్మలో కారు పక్క అద్దాలుగా కనిపించే పారదర్శక ముక్కే రోబో రూపంలో భుజాన్ని మోసే కీలుకు ఆధారం. ఆ ముక్క అంచున అగ్గిపుల్ల మందం కూడా లేని చోట రంధ్రం చేసి, అందులో లోహపు పిన్నును బిగించి కొట్టారు. మొదటిసారి మార్చినప్పుడు ఆ పిన్ను చుట్టూ వెంట్రుకంత తెల్లని గీత కనిపించింది; అచ్చు పోసేటప్పుడు పడిన మరక అనుకుని వదిలేశాను. రెండోసారి చేతిని సగం తిప్పానో లేదో టిక్కుమని శబ్దం వచ్చింది. పిన్ను ఒక భాగానికి అంటుకునే ఉంది, రంధ్రం మాత్రం రెండు చెక్కలైంది.

బొమ్మల్లో ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌లో సన్నని రబ్బరు రేణువులు కలిసి ఉంటాయి. పగులు మొదలైన చోట అవి ఆ తాకిడిని పీల్చుకుని ముందుకు పాకనివ్వవు. ఆ ప్లాస్టిక్ సాధారణంగా అద్దంలా కనిపించకపోవడానికి కారణమూ అవే. అద్దంలా కనబడవలసిన ముక్కలను వేరే ప్లాస్టిక్‌తో పోస్తారు, అందులో ఆ రక్షణ ఉండదు. అటువంటి ముక్కలో పిన్ను బిగించి కొడితే, బొమ్మను ఎవరూ ముట్టుకోకపోయినా రంధ్రం గోడల మీద ఒత్తిడి నిలిచే ఉంటుంది. కిటికీలకు పారదర్శక ప్లాస్టిక్ వాడటంలో తప్పు లేదు. దాని మీదే చేతి బరువంతా మోపడం మాత్రం బొమ్మను గీసినవారి తప్పు, నా వేళ్లది కాదు.

అమ్మినవారు ఈ మాట ఒప్పుకోలేదు. నేను బలవంతంగా తిప్పి ఉంటానని, సీలు తీసిన పెట్టెను తిరిగి తీసుకోవడం తమ పద్ధతి కాదని రెండు వాక్యాల్లో తేల్చేశారు. సీలు తీయకుండా లోపలి కీలు ఎలా పరీక్షించాలో మాత్రం చెప్పలేదు. పైగా నేను నెలల ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్నది చేత్తో రంగులద్దిన నమూనా ఫొటోలు చూసి. వచ్చిన బొమ్మలో ఛాతీ పలకల మధ్య గోరు దూరేంత సందు ఉంది.

ఇంత ధర దేనికి అన్న ప్రశ్నకు న్యాయమైన జవాబు కూడా ఉంది. ప్రతి ముక్కకూ ఉక్కు అచ్చు కావాలి. ఆ ఖర్చు కొద్దిపాటి బొమ్మల మీదే పంచుకోవాలి. 1984లో అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో, జపాన్‌లోని టకారా సంస్థ బొమ్మలను తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మడం మొదలుపెట్టినప్పుడు వాటిలో చాలావాటిని పిల్లలు కొద్ది మలుపుల్లో మార్చేసేవారు. 2003లో టకారా పెద్దలను దృష్టిలో పెట్టుకుని మాస్టర్‌పీస్ శ్రేణిని ప్రారంభించింది. ఆ దారిలో నడిచే నేటి బొమ్మల్లో మలుపులు డజన్ల కొద్దీ ఉంటాయి. మనం చెల్లించేది ఎక్కువగా ఈ సంక్లిష్టతకే. మలుపులు పెరిగితే కీళ్లు పెరుగుతాయి, అన్నీ ఒకే ఛాతీలో ఇమడాలంటే గోడలు పలచబడక తప్పదు. అందుకే చవకైన చిన్న బొమ్మ నేలమీద పడినా లేచి నిలబడుతుంటే, దానికి పదింతలు పోసి కొన్నది అల్మరాలోనే విరుగుతుంది.

పాతవి కొనేవారికి ఇంకో ప్రమాదం ఉంది. 1980ల చివరి నుంచి 1990ల దాకా వచ్చిన కొన్ని బొమ్మల్లో బంగారు తళుకు కలిపిన ప్లాస్టిక్ కాలంతోపాటు పెళుసెక్కి, ముట్టుకుంటే బిస్కెట్‌లా పొడి అవుతుంది. సేకర్తలు దీన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. ఎప్పుడూ తెరవని పెట్టెలోని బొమ్మకూ ఇది తప్పదు. కాబట్టి సీలు చూపించి ఎక్కువ ధర అడిగితే ముందు ఆ బొమ్మలో తళుకు బంగారు రంగు ముక్కలు ఎక్కడున్నాయో, కీళ్లలో ఉన్నాయో లేదో తెలుసుకోండి.

కొత్తది కొనాలనుకుంటే మొదటి విడత బయటికి వచ్చి, కొన్నవారు దాన్ని కనీసం నాలుగైదు సార్లు మార్చి చూపించేదాకా ఆగండి. లోపం బయటపడిన తరువాత రెండో విడతలో సరిదిద్దిన సందర్భాలు ఉన్నాయి. విడి భాగాలు పంపుతారా అని ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా ఉంచుకోండి. పెట్టె తెరవడం మొదలు మొదటిసారి పూర్తిగా మార్చేదాకా వీడియో తీయండి. తిప్పే ముందు మంచి వెలుతురులో పారదర్శక ముక్కల గుండా వెళ్లే పిన్నులన్నీ చూడండి. తెల్లని గీత కనిపిస్తే అక్కడే ఆపి, ఫొటో తీసి అమ్మినవారికి పంపండి. కీలు బిగుతుగా ఉంటే సిలికాన్ గ్రీజు ఒక చుక్క చాలు; తుప్పు వదిలించే పెట్రోలియం స్ప్రేలు కొట్టవద్దు, అవి పారదర్శక ప్లాస్టిక్‌ను పగులగొట్టగలవు. పిన్ను తీయవలసి వస్తే గీతలు చెక్కిన కొన ముందుగా బయటికి వచ్చేలా, నున్నటి కొన వైపు నుంచి కొట్టాలి. వ్యతిరేక దిశలో కొడితే ఉన్న రంధ్రమూ చీలుతుంది.

విరిగిన భుజాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టెలోనే దాచాను. నిన్న టార్చిలైటు వేసి ఎడమ భుజం చూశాను. పిన్ను చుట్టూ అదే తెల్లని గీత మొదలైంది.